మంచు పడకముందే కోపం

"హలో, కొండమీది హోటలేనా? మేనేజర్ని పిలవండి... ఏమయ్యా మేనేజరూ, మీ దగ్గర పొద్దున్నే వేణ్ణీళ్లు ఆగిపోతాయటగా? ఎవరు చెప్పారంటావేం? ఒకరు చెప్పాలా? కొండమీది హోటళ్లలో వేణ్ణీళ్లు ఆగిపోకుండా ఎక్కడున్నాయి? లేదు, మేమింకా రాలేదు. వచ్చే నెల వస్తాం. వచ్చాక పోట్లాడొచ్చుగా అంటావా? వచ్చాక నాకు తీరుబడి ఉండదు నాయనా. సెలవుకొచ్చి పోట్లాడుతూ కూర్చుంటారా ఎవరైనా? అందుకే ఆ పనేదో ఇప్పుడే కానిచ్చేద్దాం. ఊఁ, చెప్పు, నీళ్లెందుకు ఆగిపోయాయి?"

ఇన్ని మాటలూ ఆవిడ నోట్లో గుండుసూదులు పెట్టుకునే అంది. ఫోను భుజానికీ చెవికీ మధ్య ఉంది, చేతులు కుట్టు మిషను మీద ఉన్నాయి, కాలు తొక్కుతూనే ఉంది. బల్లకి అవతల కంప్యూటరు ముందు కూర్చున్న చిన్నకోడలు, ఆ చివరనున్న మేనేజరు ముఖం ఎలా ఉండి ఉంటుందా అని ఊహించుకుంటోంది.

అత్తగారికి ఉన్నది ఒక్కటే అలవాటు. కోపం ముందుగా తెచ్చుకుంటుంది. లోకంలో అందరూ ఏదైనా జరిగాక కోప్పడతారు. ఆవిడ జరగకముందే కోప్పడి, దులిపేసుకుని, తీరా అది జరిగే వేళకి చల్లగా కూర్చుంటుంది. వీధివీధంతా ఆవిణ్ణి అడ్వాన్సమ్మ అంటారు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. ఆ పేరు పెట్టినవాణ్ణి, వాడు పెట్టకముందే తిట్టేశానని చెబుతుంది.

ఇంటి ముందుగదే ఆవిడ దుకాణం. కిటికీలకి తెరలు కుడుతుంది. గోడవారన గుడ్డల చుట్టలు, మధ్యలో కత్తిరింపుల బల్ల, కిటికీ పక్కన మిషను. గడప తొక్కిన ప్రతివాడికీ ముందు అక్షింతలు, తర్వాతే కుర్చీ.

"నీ కొలత తప్పు."

"నేనింకా చెప్పనేలేదండీ."

"చెబుతావుగా! చెప్పి, తెర పొట్టిగా ఉందని మళ్లీ మోసుకొస్తావుగా! పో, ఇంటికి పోయి ఇంకోసారి కొలుచుకురా."

వాడు ఇంటికి పోయి కొలుస్తాడు. తప్పే ఉంటుంది.

ఓసారి పన్ను పీకించుకోవడానికి వెళ్లి, కుర్చీలో కూర్చుంటూనే, "అబ్బబ్బ! అంత మొరటుగానా లాగడం?" అని డాక్టరు మీద లేచింది. డాక్టరు అప్పటికింకా చేతులు కడుక్కుంటున్నాడు.

"నేనింకా ముట్టుకోలేదమ్మా!"

"ముట్టుకున్నాక నా నోరు నీ చేతిలో ఉంటుంది. అప్పుడెలా తిట్టేది?"

అందులో ఉన్న న్యాయం ముందు డాక్టరు చదువంతా దిగదుడుపే అయింది. ఆయన మత్తుమందు కాస్త ఎక్కువే ఇచ్చాడు.

చిన్నకోడలికి ఆవిడ సంగతి మొదటిసారి తెలిసింది తన పెళ్లిరోజునే. కుర్చీలు చాలక వచ్చినవాళ్లలో సగంమంది గోడలకి చేరబడ్డారు. కొత్తపెళ్లికూతురు, ఇక గొడవే అనుకుని, అత్తగారి వంక చూసింది. ఆవిడ చిద్విలాసంగా నవ్వుతోంది. "కుర్చీల గురించి పోయిన నెలే కోప్పడ్డానమ్మాయ్. అది అయిపోయింది. నువ్వు కూర్చో, కాళ్లు లాగుతాయి" అంది.

దీనికో సిద్ధాంతం కూడా ఉంది ఆవిడకి. "కోపమూ సామానే కదే! అందరూ చేత్తో పట్టుకుని బండెక్కుతారు. పక్కవాళ్లకి తగులుతూ ఉంటుంది. నేను ముందే పంపించేస్తాను. నా చేతులు ఖాళీ."

ఆ కోపానికి కొలబద్ద ఆ గుండుసూదులే. నోట్లో సూదులున్నంతసేపూ అది మామూలు కోపం, ఊపిరి తీసుకోవడం లాంటిది, ఎవరూ పట్టించుకోరు. మిషను ఆగిందంటే పిల్లలు ఆట ఆపుతారు. సూదులు ఒక్కొక్కటే నోట్లోంచి తీసి మిషను పక్కనున్న సూదుల దిండుకి గుచ్చడం మొదలుపెట్టిందంటే, పెద్దలు కూడా చెప్పులు వెతుక్కుంటారు.

చిన్నకోడలు మాత్రం కదలదు. ఆమె పనిచేసేది చెవి మిషన్లు అమర్చే చోట. అక్కడికొచ్చే వాళ్లంతా తమకేమీ వినపడదంటూనే పూటపూటంతా మాట్లాడతారు. ఎదుటివాళ్ల మాట చివరిదాకా వినడం, ఆ మాట వెనకున్న మాట కోసం కాచుకుని ఉండటం ఆమెకి అలా అబ్బింది. సాయంత్రాలు వచ్చి అత్తగారి బల్ల దగ్గర కూర్చుంటుంది, ఆవిడ కోపాన్ని రేడియో విన్నట్టు వింటుంది. అందుకే ఈ మంచుకొండ ప్రయాణం ఏర్పాట్లన్నీ ఆమె నెత్తిన పడ్డాయి.

ప్రయాణం మామయ్య కోసం. మామయ్య కళ్లద్దాల దుకాణంలో వెనకగదిలో కూర్చుని, ఊరందరి అద్దాలూ అరగదీసి అరగదీసి ఈమధ్యనే పని మానేశాడు. ఆయనకేదైనా గొప్పగా చెయ్యాలని పెద్దకొడుకు పట్టుబట్టాడు. ఏం చెయ్యాలో ఎవరూ ఆలోచించనక్కర్లేకపోయింది. పెద్దకొడుకు కూతురికి తొమ్మిదేళ్లు. ఆ పిల్ల గీసిన బొమ్మ ఎప్పట్నుంచో ఫ్రిజ్ తలుపుకి అంటించి ఉంది. అందులో తాతయ్య కాళ్లకి మంచుమీద జారే చెక్కలు, స్కీలు కట్టుకుని, కొండకొమ్ము మీంచి ఎగిరి, ఓ చెట్టుని దాటుతున్నాడు. కళ్లద్దాలు ఆయన వెనకాల విడిగా ఎగురుతున్నాయి.

కుర్రతనంలో తాతయ్య ఓ చలికాలమంతా మంచుకొండల మీద గడిపాడు. కొమ్ము మీంచి కిందిదాకా బాణంలా దిగేవాడు. ఈ కథ ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. పిల్ల బళ్లో చెప్పింది, బడి టీచరు ఇంట్లో చెప్పుకుంది. కథ చెప్పేది ఎప్పుడూ పిల్లే. తాతయ్య పక్కన కూర్చుని ఊఁ కొడతాడు.

"తాతయ్యా, నేను నీ వెనకాలే దిగుతాను. సరేనా?"

"ఊఁ."

"మరీ స్పీడుగా వెళ్లిపోకూడదు."

"ఊఁ ఊఁ."

ఆ పిల్లకి మరో ధ్యాస లేదు. తిండీ నిద్రా మంచుకొండే. పిల్లకోసం తండ్రి, తండ్రికోసం తాతయ్య, అందరికోసం చిన్నకోడలు. ఎలాగైనా ఈ ప్రయాణం గట్టెక్కాలి. గట్టెక్కనివ్వనిది ఒక్కరే.

హోటళ్లు వెతకడం మొదలుపెట్టిన రోజున, మొదటి హోటలు బొమ్మలు కంప్యూటర్లో చూపించగానే అందరూ ఆహా ఓహో అన్నారు. భోజనాల గదికి కొండవైపు గోడే లేదు, ఆ పక్కంతా అద్దం. కూర్చున్నచోటి నుంచే కొండవాలు మొత్తం కనపడుతోంది.

మిషను తొక్కుడు జోరందుకుంది.

"అంటే, లోపల వందమంది కూర్చుని సూపు తాగుతూ, బయట జారేవాణ్ణి చూస్తుంటారన్నమాట. మనిషిని చూస్తూ సూపు తాగడమేమిటి? సిగ్గూ శరం ఉండక్కర్లా?"

"అమ్మా, వాళ్లు చూసేది కొండని," అన్నాడు పెద్దకొడుకు.

"కొండ కదుల్తుందా? కదిలేదాన్నే చూస్తారు ఎవరైనా. నాకక్కర్లేదు ఆ హోటలు!"

రెండోచోట వాలు కింద కెమెరా పెట్టి, దిగిన ప్రతివాడికీ ఫొటో తీసి, గోడకి పెద్ద తెరమీద వేస్తారట. "ఎవర్నడిగి తీస్తారు? దిగినవాడి జుట్టు ఎలా ఉందో, ముక్కు కారుతోందో, వాడు నిలబడి ఉన్నాడో పడి ఉన్నాడో... అదంతా గోడకెక్కిస్తారా? పోలీసు స్టేషనా అది?" ఆ హోటలుకి ఫోన్ చేసి కూడా ఈ మాటే అడిగింది. అవతలివాళ్లు పెట్టేశారు.

మూడోచోటు ఇంకా బాగుంది. అక్కడ పెద్దవయసువాళ్లకి ప్రతి ఆదివారం జారుడు పందెం పెడతారు. పెద్దకొడుకు కుర్చీలోంచి లేచి గెంతాడు. "చూశావా నాన్నా! నీకోసమే పెట్టినట్టుంది. చిన్నమ్మాయ్, కంప్యూటరు నీ ముందే ఉందిగా, నాన్న పేరు ఇప్పుడే ఇచ్చెయ్!"

మిషను ఆగింది.

ఆవిడ ఒక సూది తీసింది. దిండుకి గుచ్చింది. రెండోది తీసింది. గదిలో జనం పల్చబడటం మొదలైంది. నాలుగో సూదికల్లా చిన్నకొడుకు వీధిలో ఉన్నాడు. పెద్దకొడుకు ఒక చెప్పు వేసుకుని, రెండోది మరిచి పారిపోయాడు. మామయ్య ఒక్కడే తన కుర్చీలో మిగిలాడు. ఆయనకి తోచనప్పుడు చెయ్యడానికి ఒకటే పని ఉంది. కనపడ్డవాళ్ల కళ్లద్దాలు అడిగి పుచ్చుకుని తుడుస్తాడు. ఆవేళ చిన్నకోడలివి తుడిచాడు, తనవి తుడుచుకున్నాడు, కళ్లద్దాలు అయిపోయాక గోడ గడియారం దింపి దాని అద్దం తుడిచాడు.

"పందేలెందుకండీ మనకి? గుర్రాలమా?" అంది ఆవిడ గట్టిగా, ఎవర్నీ చూడకుండా.

"ఊఁ," అన్నాడు మామయ్య. అన్నాక, ఎందుకో బిగబట్టిన ఊపిరి వదిలాడు. చిన్నకోడలు విన్నది. కానీ దాన్నేం చేసుకోవాలో ఆమెకి తెలియలేదు.

చివరికి ఆవిడకి నచ్చింది, ఎవరికీ నచ్చని హోటలు. అద్దాల గోడ లేదు, పందెం లేదు. ఫొటోల్లో ఎక్కడ చూసినా వంటగది పొగగొట్టమే కనపడుతోంది. "ఇదీ హోటలంటే. ఇక్కడైతే పోట్లాడటానికి బోలెడుంది," అని ఆ క్షణం నుంచే మొదలుపెట్టింది. వేణ్ణీళ్లు మొదటిరోజు. దుప్పట్లు మరునాడు. ఆపైన దిండ్లు, మెట్లు, లిఫ్టు, పక్కగదిలో దిగబోయే వాళ్ల గురక. ఆ గదిలో ఎవరు దిగుతారో హోటలుకే తెలియదు.

మేనేజరు మొదట బెదిరాడు. తర్వాత బతిమాలాడు. తర్వాత్తర్వాత అలవాటు పడ్డాడు. ఓ సాయంత్రం ఆవిడ ఫోన్ చేసి నోరు విప్పబోయేలోగా, "అమ్మగారూ, తువ్వాళ్లు మార్పించేశానండీ! ఈవేళ మీరు వాటి గురించి అడుగుతారనిపించింది," అన్నాడు.

"నేనడక్కముందే మార్చేస్తావా? మరి నేనేం అడగాలయ్యా ఇప్పుడు?" అంది అడ్వాన్సమ్మ. ఫోన్ పెట్టేశాక కోడలితో, "వీడికి నా లక్షణాలున్నాయే. జాగ్రత్తగా ఉండాలి," అంది. ఆ అనడంలో కాస్త గర్వం కూడా ఉంది.

ఇలా సాగిపోతే ఈ కథకి తగువే లేదు. తగువు ఆదివారం మధ్యాహ్నం వచ్చింది. అందరూ రైలు టిక్కెట్లు తీయడానికి కూచున్నారు. ఎవరు కిటికీ దగ్గర, ఎవరు ఎవరి పక్కన అని పిల్ల పంపకాలు చేస్తోంది. తన పక్కన తాతయ్య. అందులో మార్పు లేదు.

"మా ఇద్దరికీ తియ్యకండి," అంది ఆవిడ తెర అంచు మడుస్తూ. "నేనూ మీ నాన్నా రెండ్రోజులు ముందే పోతున్నాం. నేను టిక్కెట్లు తీసేశాను."

"ఎందుకు?"

"పోట్లాడాలి."

"ఎవరితో?"

"హోటలుతో. ఫోన్లో పోట్లాట ఆనట్లేదు. వాడు ప్రతిదానికీ సరే సరే అంటున్నాడు. ఎదురుగా కూచోబెట్టి దులిపితే తప్ప లాభంలేదు."

పిల్ల ముఖం చిన్నదైంది. "నానమ్మా, తాతయ్య నా పక్కన కూచుంటానన్నాడు."

"వచ్చేటప్పుడు కూచుంటాడులే."

"వెళ్లేటప్పుడే కూచోవాలి! కొండ కనపడగానే చూపిస్తానన్నాడు!" పిల్ల ఏడుస్తూ లోపలికి పరుగెత్తింది. తలుపు గడియ పడిన చప్పుడు వినపడింది.

పెద్దకొడుకు లేచాడు. ఆవిడ కడుపున పుట్టినవాడే, కోపం తక్కువేం లేదు. కాకపోతే అతనిది అందరిలాంటి కోపం, ఆలస్యంగా వస్తుంది, వస్తే పోదు.

"అమ్మా, ఇది నాన్న కోసం పెట్టుకున్న ప్రయాణం. నీకు కోపం రావడం కోసం కాదు! నెల్రోజులుగా చూస్తున్నాను. ఒక్క హోటలు బాగుందన్నావా? ఒక్క మాట సంతోషంగా అన్నావా? నాన్న మంచుమీద దిగుతుంటే చూడాలని పిల్ల కళ్లల్లో వత్తులేసుకుని కూచుంది. నువ్వేమో..."

"నేనేమో?"

"నువ్వేమో మంచు కరిగేదాకా అరుస్తావు! అసలు ప్రయాణమే వద్దు. సాయంత్రంలోగా ఫోన్ చేసి గదులన్నీ రద్దు చేసేస్తాను. ఇంట్లోనే కూచుని పోట్లాడుకుందాం, ఖర్చుండదు!"

"ఊఁ... పోనీలేరా," అన్నాడు మామయ్య. ఏది పోనిమ్మన్నాడో ఎవరికీ తెలియలేదు. ఆయన చేతిలో ఉన్నది ఖాళీ నీళ్లగ్లాసు, దాన్ని చొక్కా అంచుతో తుడుస్తున్నాడు.

ఆవిడ నోట్లో సూదులు నోట్లోనే ఉన్నాయి. తయారైన తెరలు చంకనపెట్టుకుని, ఎదురింటి కిటికీకి తగిలించి వస్తానని వెళ్లిపోయింది.

అందరూ తలో గదిలోకీ వెళ్లారు. చిన్నకోడలు ముందుగదిలో ఒక్కతే మిగిలింది. అంత వినడం వచ్చిన మనిషికి కూడా ఆవేళ చెవులు గింగురుమంటున్నాయి. ఎంత సిద్ధాంతమైతే మాత్రం పసిపిల్లని ఏడిపించాలా? ఆమె ఇలా రగులుతుండగానే బల్లమీద ఫోన్ మోగింది.

"అమ్మగారున్నారాండీ? హోటలు మేనేజర్ని."

"లేరు. ఏమైనా చెప్పమంటారా?"

"ఆవిడ కోప్పడ్డట్టే అన్నీ అయిపోయాయని చెప్పండి చాలు. వంటగది వెనకాల చిన్న వాలుంది కదండీ, పొగగొట్టం అవతల, అది ఏ కిటికీలోంచీ కనపడదు. నేను స్వయంగా గదిగదికీ వెళ్లి చూశాను. మొదటిసారి స్కీలు కట్టుకునేవాళ్లకి నేర్పే ముసలి మాస్టారున్నాడు, ఆయన ఆ రెండ్రోజులూ వస్తానన్నాడు. పిల్లల క్లాసులో కలపం. ఫొటోలుండవు. తక్కినవాళ్లు దిగేసరికి ఆ మాస్టారు మీవాళ్లెవరో తెలియనట్టే ఉంటాడు. సరేనాండీ?"

"సరే," అంది చిన్నకోడలు, ఏమీ అర్థం కాకుండానే.

"ఇంకో మాటండీ... నిన్న అమ్మగారు ఫోన్ చెయ్యలేదు. ఒంట్లో బాగానే ఉందా? నామీదేమైనా కోపమా?"

ఫోన్ పెట్టేసేసరికి చిన్నకోడలికి అంతా అర్థమైపోయిందనిపించింది. అంటే అత్తగారు తన సరదా కోసం, దొంగచాటుగా, మాస్టారుని పెట్టుకుని మంచుమీద జారడం నేర్చుకోబోతోందన్నమాట! ఆ ముచ్చట కోసం పిల్ల ఏడవాలి, బావగారు రంకెలు వెయ్యాలి, మామయ్య గ్లాసులు తుడవాలి!

ఆవిడ గుమ్మంలో కాలు పెట్టిందో లేదో, జీవితంలో ఎవర్నీ ఏమీ అనని చిన్నకోడలు లేచి నిలబడింది.

"అత్తయ్యా, మీరు చేస్తున్నదేమీ బాగాలేదు!"

"ఏమిటీ?" అంది ఆవిడ. నోట్లో సూదులు కదిలాయి.

"మేనేజరు ఫోన్ చేశాడు. వంటగది వెనకాల వాలు సిద్ధంగా ఉందట, మాస్టారు వస్తాడట! మీకు నేర్చుకోవాలనుంటే మాతో చెప్పొచ్చుగా! అందరం కలిసి నేర్చుకునేవాళ్లం. ఇంత పెద్ద పోట్లాట ఎందుకు పెట్టారు? పిల్ల తలుపేసుకుని కూచుంది. బావగారు మొత్తం ఎత్తేస్తానంటున్నారు. ఒక్క మనిషి సరదా కోసం ఇంతమంది..."

ఆవిడ తలుపు దగ్గరగా వేసింది. మిషను ముందు కూర్చుంది. ఒక్కొక్క సూదీ తీసి దిండుకి గుచ్చడం మొదలుపెట్టింది. కోడలు కదల్లేదు. నోరు ఖాళీ అయ్యాక ఆవిడ మాట చాలా మెల్లగా వచ్చింది, మెల్లగానే అయినా కోపంగానే.

"నాకు సరదా ఏమిటే, ఈ మోకాళ్లతో! ఆయన ఒక్కసారి కూడా ఆ చెక్కలు కాలికి కట్టలేదే!"

"ఎవరు?"

"మీ మామయ్య! కొండకొమ్ము మీంచి బాణంలా దిగే మొనగాడు!"

కోడలు బల్లమీద కూలబడింది. "మరి ఆ చలికాలమంతా..."

"అక్కడే ఉన్నాడు, అబద్ధం కాదు. హోటల్లో, నేలకింద గదిలో. జారొచ్చినవాళ్ల తడి బూట్లు తుడిచి, పొయ్యి దగ్గర ఆరబెట్టే పని. కిటికీ ఉందట గానీ ఎప్పుడూ ఆవిరి పట్టేసి ఉండేదట. బయట ఎవరు ఎలా జారుతున్నారో బూటు తడి చూసి తెలుసుకోవడమే. ఆఖరిరోజు నీకూ కడతాంలేరా అన్నారట. ఆ ఆఖరిరోజున వానొచ్చింది. మంచు మొత్తం బురద. ఈయన మూటా ముల్లే సర్దుకుని దిగొచ్చేశాడు."

"ఇదంతా మీకు చెప్పారా?"

"పెళ్లయిన కొత్తలో ఒకసారి చెప్పాడు. చెప్పిన సంగతి ఆయన మరిచిపోయాడు. విన్న సంగతి నేను మరిచిపోలేదు."

"మరి ఈ కథంతా ఎక్కణ్ణుంచి..."

"ఎక్కణ్ణుంచి వస్తుంది? ఆ పిల్ల చిన్నప్పుడు జ్వరంతో పడుకుంటే పక్కన కూచున్నాడు. తాతయ్యా, నువ్వు మంచుకొండ మీద ఉన్నావా? ఊఁ. జారావా? జ్వరంలో ఉన్న పిల్లతో లేదని ఎలా అంటాడు? ఊఁ అన్నాడు. పై కొమ్ము మీంచా? ఊఁ. పిల్ల నవ్వింది. జ్వరం దిగింది. ఆ ఊఁలు మాత్రం దిగలేదు, ఏటేటా పెరిగిపోయాయి. ఆఖరికి చెట్టు కూడా దాటాడు!"

కోడలికి ఒక్కసారిగా సూపు తాగే వందమందీ, గోడమీద తెరా, ఆదివారం పందెం వరసగా గుర్తొచ్చాయి. నెల్రోజులుగా తను విన్న కోపమంతా ఒకే మనిషి చుట్టూ కట్టిన కంచె అని అప్పటికి తెలిసింది.

"అత్తయ్యా, నిజం చెప్పేస్తే ఏమవుతుంది? ఎవరూ నవ్వరు."

"నవ్వరని నాకు తెలియదూ! నవ్వితే బాగుండును. జాలిపడతారు. పోనీలే నాన్నా, పర్లేదు తాతయ్యా అని తలో పక్కా వీపు నిమురుతారు. ఆయన తట్టుకోలేడు. మర్నాటినించీ ఊఁ అనడం కూడా మానేస్తాడు."

"మరి ప్రయాణమే వద్దనుంటే సరిపోయేదిగా?"

"అదే మీకెవరికీ కనపడదు!" ఆవిడ చేతిలో ఉన్న తెరని బల్లకేసి కొట్టింది. "ఆయనకి వెళ్లాలనుందే! హడలిపోతున్నాడు, అయినా వెళ్లాలనే ఉంది. ఆ కంప్యూటర్లో మంచు కనపడ్డప్పుడల్లా ఆయన ముఖం చూశావా? ఆ వానకి ఆగిపోయిన ఆట, ఇప్పటికీ కాళ్లల్లో ఉంది. ఒక్కసారైనా కట్టాలి కదా వాటిని!"

"మీకు తెలుసని ఆయనకి తెలుసా?"

"ఆయన మళ్లీ ఎత్తలేదు, నేనడగలేదు. నేను కోప్పడితే ఆయనకి చెప్పాల్సిన పని తప్పుతుంది. మాస్టారు వచ్చేది నాకోసం. అలాగే చెప్పాను. నేను మొదటి అడుగులోనే పడతాను. ఒంటరిగా నిలబడలేనని ఆ మాస్టారు మీద ఎగురుతాను. ఏమండీ, చూస్తారేం, మీరూ కట్టుకుని నా చెయ్యి పట్టుకోండి అంటాను. ఆయన కట్టుకుంటాడు. ఇద్దరం పడతాం. తప్పు నాది. మళ్లీ లేస్తాం, మళ్లీ పడతాం, ప్రతిసారీ తప్పు నాదే. రెండ్రోజులు నేను అంత ఘోరంగా పడితే, ఆ మనిషికి నిలబడటం రాకుండా ఉంటుందా?"

చిన్నకోడలికి ఆ దృశ్యం కళ్లకి కట్టింది. పొగగొట్టం వెనకాల, అరవయ్యో పడిలో ఉన్న ఇద్దరు మనుషులు ఒకరి మీద ఒకరు దొర్లుతూ, అందులో ఒకరు ఆగకుండా అరుస్తూ. నవ్వు ఆపుకోలేక తెర అంచు నోటికి అడ్డం పెట్టుకుంది.

"చెట్టు దాటించడం నా వల్ల కాదు," అంది ఆవిడ గంభీరంగా. "పిల్ల ముందు నాలుగు గజాలు నిటారుగా జారితే చాలు. తక్కినదానికి ఏదో ఒకటి కోప్పడి ఆపేస్తాను. కొమ్ము మీద గాలి ఎక్కువని ఇప్పటికే మేనేజర్తో చెప్పి ఉంచాను."

పక్కగదిలోంచి పెద్దకొడుకు గొంతు వినపడింది. "చిన్నమ్మాయ్! ఆ హోటలు నంబరెక్కడుంది? ఇప్పుడే చేసేస్తాను, పీడ వదిలిపోతుంది!"

కోడలు గబుక్కున లేచింది. "నేను వెళ్లి నచ్చచెబుతానత్తయ్యా. మీరెంత మంచివారో..."

"చంపేస్తాను!" అంది ఆవిడ. "మంచిదాన్నని చెబితే ఎందుకు మంచిదాన్నో అడుగుతారు. నువ్వు వెళ్లి నన్ను తిట్టు. నువ్వెప్పుడూ ఎవర్నీ ఒక్క మాట అనవు కాబట్టి నువ్వు తిడితే నమ్ముతారు. ఇలా చెప్పు. బావగారూ, ఆవిడ చస్తే మాట వినదు, మొండిఘటం, ముందే పోనివ్వండి. మామయ్యని కాపలాగా పంపిద్దాం. ఆ పోట్లాటలన్నీ అక్కడే అయిపోతే, మనం దిగేసరికి హాయిగా ఉంటుంది. ఆ మాటకి వాడు పడతాడు, వాడికి కావలసింది ప్రశాంతతే. పిల్లతో, మంచు గట్టిగా ఉందో లేదో చూడటానికి తాతయ్య ముందు వెళ్తున్నాడని చెప్పు, తలుపు తీస్తుంది. మొండిది అను, నోటిదురుసుది అను, ఏమన్నా అను. రాక్షసి అని మాత్రం అనకు, మీ మామయ్య వింటే నొచ్చుకుంటాడు. ఏమిటా నవ్వు? అలా పళ్లు ఇకిలించుకుంటూ వెళ్తే ఎవరు నమ్ముతారే? ముఖం మాడ్చుకో... ఇంకాస్త... ఆఁ, అలా. వెళ్లు, వెళ్లేటప్పుడు ఆ తలుపు మాత్రం ఇల్లు అదిరేలా వెయ్యి."